పీనుగెండ

బంద్ మొదలై 9వ రోజు

నేను చదువు నేర్చింది హెచ్చరిక బోర్డుల దగ్గర. మా నాయన పంకా గదిలో పనిచేసేవాడు. ఊరంతటికీ గాలి తోడే పెద్ద పంకా అది. ఆయనకు మక్కజొన్న గట్క గిన్నె తీసుకుపోయి, తినేదాకా నేను గోడలు చదివేవాణ్ని. పైకప్పు చూసి నడువుము. నిప్పు తేరాదు. టబ్బుల నడుమ నిలబడరాదు. అందరూ 'అమ్మ'తో మొదలుపెడితే నేను 'ప్రమాదము'తో మొదలుపెట్టాను. ప్రతి బోర్డు చివరా 'జాగ్రత్త' అని ఉండేది కాబట్టి, ఏది రాసినా అలాగే ముగించాలేమో అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో పుట్టింటికి పోయిన మా రాజవ్వకు ఉత్తరం రాసి, కింద జాగ్రత్త అని పెట్టాను. ఆమె భయపడి ఇంకో పది రోజులు రాలేదు. ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. అలవాటు పోలేదు.

ఈ కాగితాలు పాత మస్టర్ షీట్లు. ముందువైపు పనికొచ్చినవాళ్ల పేర్లున్నాయి. వెనకవైపు ఖాళీ.

అసలు సంగతి చెప్పాలి. మా కోడలు సరోజన పని నిన్న పోయింది. ఆమెది అద్దాల పని. నడుముకు తాడు కట్టుకుని నిలువు బాయిలో వేలాడుతూ, తడిగుడ్డతో రేకు అద్దాల మీది బొగ్గు దుమ్ము తుడవాలి. పైన భూమ్మీద మనిషిని మాడ్చి చంపే ఎండ, ఆ నాలుగు వందల అద్దాలను తాకుతూ కిందికి దిగేసరికి సాధువై మా గడపల్లో పడుతుంది. ఈ పాత బొగ్గుబాయిలో మూడు తరాలుగా మేం బతుకుతున్నది ఆ వెలుతురుతోనే.

ఇప్పుడు గడప జ్వరం వచ్చి ఊరంతా బంద్ అయింది. సోకినవాడు గడప దాటకూడదు కాబట్టి ఆ పేరు. అద్దాలవాళ్లు ఒక లెవల్ నుంచి ఇంకో లెవల్‌కు తిరుగుతారు, జ్వరాన్ని మోసుకొస్తారు అని కమిటీ నలభై రెండు మందినీ ఇంటికి పంపింది. పెద్ద బాయికి మాత్రం తుడిచే యంత్రం పెట్టింది. మా ఇరవై ఒకటో లెవల్‌లో దాదాపు అందరూ అద్దాలవాళ్లే. గడపల్లో ఎండ అప్పుడే మసకబారింది.

మా బాయిలో ఒక పద్ధతి ఉంది. పనిలో మనిషి పోతే ఆ నౌకరి ఇంట్లోవాళ్లకు వస్తుంది. మా కొడుకు మొండయ్య తాడు తెగి పోయినప్పుడు పదకొండో రోజుకే సరోజనకు ఆ నౌకరి ఇచ్చారు. మొగుడి బెల్టు ఆమె నడుముకు మూడు చుట్లు వచ్చింది. మనుషులు పోవడం, నౌకరి మిగలడం మాకు తెలుసు. అందరూ బతికుండగా నౌకరే పోవడం ఇదే మొదటిసారి. దీనికి దినాలు ఎలా చేయాలో ఎవరికీ తెలియదు.

జాగ్రత్త.

23వ రోజు

ముందు చాయ్ పోయింది. తర్వాత నూనె. తర్వాత ఇత్తడి బిందె, కుట్టు మిషను, మొండయ్య టోపీ దీపం. మస్టర్‌లో పేరున్న ఇళ్లకు మాత్రమే ఎండ గద్దె మీద రోజూ పావుగంట వంతు. గద్దె అంటే పెద్ద బాయి అడుగున, చివరి అద్దం ఎదుట ఉన్న రాతి అరుగు. ఇప్పుడు ఊళ్లో మంచి ఎండ పడేది అక్కడొక్కచోటే. మాకు పేరు లేదు కాబట్టి ఇతరుల వంతులు కొంటున్నాం. కుట్టు మిషనుకు ఆరు వంతులు వచ్చాయి. ఆరింటికీ నా మనవరాలు ఎల్లినే పంపాం.

ఈరోజు గట్కలో నీళ్లు ఎక్కువయ్యాయని నేనొక సామెత ఎత్తుకోబోయాను. సరోజన మొహం చూసి మింగేశాను.

"నువ్వు తినవా?" అన్నాను.

"నేను డ్యూటీ కాడ తిన్న మామా," అంది.

అన్న తర్వాత ఆమెకే తెలిసింది. ఏ డ్యూటీ అని నేను అడగలేదు. ఎల్లి కూడా అడగలేదు. ఆ పిల్లకు ఆరేళ్లు. అడగకూడనిది ఆరేళ్లకే తెలియడం మంచిది కాదు.

జాగ్రత్త.

41వ రోజు

దవాఖాన నర్సమ్మ గుమ్మం బయటే నిలబడి, ఎల్లిని నడవమంది. పిల్ల గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, కాళ్లు నొస్తున్నాయని కూర్చుంది. మోకాళ్ల కింద ఎముకలు బయటికి వంగుతున్నాయి. ఇంతకుముందు నేనూ చూశాను. చూడనట్టు ఉన్నాను.

"ఎండ పడాలె," అంది నర్సమ్మ. "ఇప్పుడైతె సక్కగ మలుగుతయి. మూడు నాలుగు మంచి ఎండలు పడ్డా ఆగుతది, అటెన్క మందుబిళ్లలు వస్తయట. ఆలిశమైతె గట్లనే గట్టివడతయి. ఇగ జన్మంత గంతే."

మా వరుసలో ఇంకో ముగ్గురు పిల్లలకు ఇలాగే మొదలైందట.

సరోజన మస్టర్ ఆఫీసుకు పోయింది. గుమాస్తా రాజలింగు మా పక్కింటి లింగవ్వ కొడుకే. జ్వరం భయంతో ఇప్పుడు ఆఫీసులోనే పడుకుంటాడు. చిన్నప్పుడు, నాయన తర్వాత నేను పనిచేసిన పంకా గదిలో నా కథలు వింటూ నిద్రపోయినవాడు. జాలీ కిటికీ అవతల నుంచి, "నా చేతుల లేదు చెల్లె," అన్నాడట. ఆ నలభై రెండు పేర్ల మీద గీత కొట్టింది వాడి కలమే. తల మాత్రం ఎత్తలేదట.

మా ఇంట్లో అమ్మడానికి ఇక నేనొక్కణ్నే మిగిలాను. నన్నెవరు కొంటారు?

జాగ్రత్త.

44వ రోజు

కొనేవాళ్లు లేరు కానీ, నా పేరు మీద ఒక ఆస్తి ఉందని నిన్న గుర్తుకొచ్చింది.

మా చట్టంలో బతికినవాడి కన్నా చచ్చినవాడికి హక్కులెక్కువ. నౌకరి ఉన్నా లేకున్నా, మస్టర్‌లో పేరున్నా లేకున్నా, చచ్చిన ప్రతి మనిషికీ గద్దె మీద ఒక నిండు మధ్యాహ్నం. ఆఖరి ఎండ అంటారు. మళ్లీ మూడోరోజు, ఐదోరోజు, పదకొండోరోజు, పిట్టకు ముద్ద పెట్టేటప్పుడు ఒక్కో పూట. అంటే నాలుగు ఎండలు. అమ్మరాదు, కొనరాదు, ఒకరిది ఇంకొకరికి ఇవ్వరాదు. బొగ్గుబాయి చీకట్లో నలిగి పోయిన పాతకాలపువాళ్ల కోసం పెట్టిన ఆచారం. కమిటీలు ఎన్ని మారినా దాన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఎండ బతికినవాళ్ల మీద పడకూడదు. పీనుగెండ అంటారు. ఏడ్చేవాళ్లు గొంగళ్లు కప్పుకుని నీడలో నిలబడతారు. పసిపిల్లలను ఆ దరికే రానివ్వరు.

నా ఆలోచన సరోజనకు చెప్పాను.

"మామా, నీకు మతి పోయిందా?"

"మతి పోలె. పాణం పోవాలె. గది గూడ కాయితం మీదనే."

"పీనుగెండ పసిపిల్ల మీద ఎవలన్న పడనిస్తరా?"

"పీనుగు లేనిది పీనుగెండ ఎట్లయితదే? నేను బతికే ఉంటగద."

"దొరికితె?"

"జ్వరం పీనుగ దగ్గరికి ఎవలొస్తరు? గద్దె కాడి గేటు తెరుస్తరు, ఉరుకుతరు. టబ్బు తోసుకపోయేది నువ్వే."

ఆమె రొట్టె పెంకు మీద ఏమీ లేకపోయినా గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. అద్దాలు తుడిచే చేయి ఊరకే ఉండలేదు.

"మరి నువ్వు నిజంగ పోయిన్నాడు?" అంది.

"నలభై ఏండ్లు పంకా గదిల చీకట్ల కూసున్న. ఇంకో మధ్యాహ్నం కూసోలేనా?"

ఆమె నవ్వలేదు. "అత్తను గద్దె మీద పండవెట్టిన్నాడు నేను చెయ్యి పట్టి జూసిన మామా. పీనుగు చెయ్యి. ఎండకు ఎచ్చగైంది. ఎవలో ఇప్పటిదాంక పట్టుకోని ఇడిసిపెట్టినట్టు. ఆయినది గూడ గట్లనే అయింది. నువ్వు సల్లటి చేతులతోని పోతవా?"

  ఎల్లి మూలన కూర్చుని, ఒక కాలు చాపి రెండు చేతులతో పిసుక్కుంటోంది. నేను అటు చూశాను. సరోజన కూడా అటే చూసింది.

"ఏ బట్ట గడతవ్?" అంది చివరికి.

46వ రోజు

చావు కాగితం నేనే రాశాను. సరోజనకు అక్షరాలు రావు. లింగవ్వను అడగలేం. పేరు ఓదెలు, తండ్రి పేరు, లెవల్ ఇరవై ఒకటి, కారణం గడప జ్వరం.  వయసు దగ్గర మాత్రం రెండేళ్లు తగ్గించాను. ఆశ.

సరోజన దాన్ని జాలీ కిటికీ సందులో పెట్టి వచ్చింది. ఈ పొద్దు నుంచి నాకు మక్కల రేషన్ లేదు. గొంతెత్తి మాట్లాడే హక్కు లేదు. రెండో దాంతోనే నాకు కష్టం.

47వ రోజు. నేను పోయిన మొదటి రోజు

పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులో గొంగడి పరిచి పడుకున్నాను. ఎల్లిని నా పక్కన పడుకోబెట్టి, ఇద్దరి మీదా ఇంకో గొంగడి కప్పింది సరోజన.

"తాతా, నువ్వు సచ్చిపోయినవా?" అంది పిల్ల నా చెవిలో.

"ఆ. నువ్వు గూడ సప్పుడు జెయ్యకు."

"నేను గూడ సచ్చిపోయిన్నా?"

"నువ్వు లేవు. నువ్వసలే లేవు."

లింగవ్వ తన గడపలో కూర్చుని శోకం ఎత్తుకుంది. జ్వరం చావుకు ఎవరూ గడప దాటి రాకూడదు కాబట్టి గొంతునే పంపింది.

"ఓ ఓదెలు బావా! బాయిల గాలంత తోడిపోస్తివి, నీకు గాలి లేకపాయెనా! పొగాకు కాడ బదులు వట్కపోతివి, ఇయ్యకనే పోతివా! ఇంటె శెవులు వలుగంగ ముచ్చట్లు జెప్తివి, ఇయ్యాల మా శెవులు దిబ్బడాయెనా!"

పొగాకు కాడ ఇచ్చాను. పోయిన ఏడే ఇచ్చాను. జీవితంలో మొదటిసారి ఒక ఆరోపణకు బదులు చెప్పకుండా పడి ఉన్నాను. పొట్టలో నవ్వు కదిలింది. ఆ వెంటనే ఆమె గొంతు నిజంగా పగిలింది. శోకం ఆగిపోయి, ఉత్త ఏడుపు వినిపించింది. నా నవ్వు ఎటో పోయింది.

పైకప్పును మోసే బొగ్గు దిమ్మెల్లో ఎనిమిదోదాని దగ్గర పట్టాల అతుకు ఎత్తుగా ఉంది. అక్కడ టబ్బు ఎగిరి నా నడుము పట్టేసింది. ఎల్లికి దగ్గు వచ్చింది. సరోజన వెంటనే తాను దగ్గింది, గట్టిగా, మూడుసార్లు.

గేటు తాళాలు గుమాస్తా దగ్గరే ఉంటాయి. గేటు దగ్గర రాజలింగు గొంతు. చాలా దూరం నుంచి, అవసరానికి మించి గట్టిగా.

"గేటు తెరిచిన! సైరన్ కూసేదాంక ఇటు ఎవ్వలు రారు! నేను గూడ పీనుగ దిక్కు జూడ! ఇనవడ్డదా చెల్లె?"

గేటు మూసిన చప్పుడు అయ్యాక సరోజన గొంగడి తీసింది.

ఎండ. నాలుగేళ్ల కింద రాజవ్వను తెచ్చినప్పుడు గొంగడి కింద నుంచి చూసిన ఎండ ఇది. ఇప్పుడు నేరుగా మీద పడింది. కళ్లు మూసినా ఎర్రగా కనిపించింది. ఎల్లి బట్టలు విప్పి గద్దె మీద పడుకోబెట్టింది సరోజన. తాను నీడలోనే నిలబడింది. గొంగడి తల మీంచి తీయలేదు. "నాకు భయమైతాంది," అంది. చాలాసేపటికి ఒక చేయి మాత్రం బయటికి చాపింది. తర్వాత గొంగడి జార్చి వచ్చి మా పక్కన కూర్చుంది.

నా అరచేయి పట్టుకుని చూసింది.

"ఎచ్చగైంది మామా."

  

49వ రోజు. నా మూడోరోజు

కాకి గురించి చెప్పాలి. పిట్ట ముట్టనిదే చచ్చినవాడికి తృప్తి లేదని మా నమ్మకం. బాయిలో పిట్టలుండవు. అందుకని కమిటీ ఒక కాకిని పంజరంలో సాకుతుంది. ముద్ద పెట్టి పంజరం తెరిస్తే అది దిగి వచ్చి ముడుతుంది. ఈ జ్వరం రోజుల్లో ఊళ్లో బలిసిన ప్రాణి అదొక్కటే. నడవలేక నడుస్తుందట.

ఇవాళ సరోజన నా ఫొటో పట్టుకుని టబ్బు తోసుకుపోయింది. పెద్ద గంపలో పిట్టకు పెట్టే సామాను, సామాను కింద ఎల్లి. ముద్ద పెట్టింది. కాకి చూసి మొహం తిప్పుకుంది. రోజుకు తొమ్మిది ముద్దలు తినే కాకికి మా నీళ్ల గట్క ఏం ఆనుతుంది? గేటు అవతల పంజరం మనిషి, "ముసలాయినకు ఏదో కోరిక మిగిలింది," అన్నాడట.

చివరికి ఆ ముద్దను ఎల్లే తినేసింది. ఇంటికొచ్చి నాతో చెప్పి, "తప్పా తాతా?" అంది.

తప్పు కాదన్నాను. నా కోరిక అదేనన్నాను.

మూడు నోళ్లు, రేషన్‌కు రెండు పేర్లు. సరోజన మళ్లీ డ్యూటీ దగ్గర తిన్నానంది. ఈసారి నేను కూడా, పంకా గదిలో తిన్నానని చెప్పాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

57వ రోజు. నా పదకొండోరోజు

నాలుగు ఎండలూ అయిపోయాయి. ఇక నా పేరు మీద ఏమీ లేదు.

ఎల్లి ఇవాళ గద్దె దిగి, టబ్బు అంచు పట్టుకుని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసిందట. కాళ్లు తిన్నగా అయ్యాయని అబద్ధం రాయను. వంపు వంపుగానే ఉంది. కానీ పెరగలేదు. నొప్పి లేదంటుంది. నర్సమ్మ గుమ్మంలోంచి చూసి, "ఆగింది," అంది. బిళ్లలు వచ్చే నెలకు రావచ్చట.

నేను అటక కింద, పాత సంచుల వెనక పడుకుని విన్నాను. ఆగింది అన్న మాట విని ఏడ్చాను. చచ్చినవాడు ఏడిస్తే చప్పుడు కాకూడదు కాబట్టి గొంగడి నోట్లో కుక్కుకున్నాను.

నర్సమ్మ చెప్పిన ఆ ముగ్గురు పిల్లల్లో లింగవ్వ మనవరాలు కూడా ఉందని సరోజన చెప్పింది. రాజలింగు చెల్లెలి కూతురు. అన్న పేరు మస్టర్‌లో ఉన్నా చెల్లెలి కూతురికి వంతు రాదు. ఇల్లు వేరు.

58వ రోజు

మధ్యాహ్నం తలుపు తట్టారు. సరోజన తీసేలోపే రాజలింగు లోపలికి వచ్చాడు. గడప దాటాడు. వెనకే లింగవ్వ. నేను సంచుల వెనక్కి జరిగాను.

వాడు గది నడుమ నిలబడి, జేబులోంచి ఒక కాగితం తీసి గోడకు చదివి వినిపించినట్టు చదివాడు.

"పేరు ఓదెలు. లెవల్ ఇరవై ఒకటి. కారణం గడప జ్వరం. వయసు డెబ్బై." ఆగాడు. "కింద దస్కతు కాడ ఏమున్నదో ఎరుకేనా? జాగ్రత్త."

 

"పెద్దబాపు, పదేండ్ల సంది చావు కాయితాలు జూస్తున్న. సచ్చినోడు జాగ్రత్త అని రాసుడు నేనెక్కడ జూడలే. బయటికి రా."

వచ్చాను. దుమ్ము కొట్టుకుని ఉన్నాను. పీనుగలాగే ఉండి ఉంటాను.

"ఎప్పుడు జూసినవ్ కొడుకా?"

"పెట్టిన పొద్దే."

గేటు దగ్గర వాడు అరిచిన అరుపు అప్పుడు నాకు అర్థమైంది. పీనుగ దిక్కు చూడనని ఊరికే అనలేదు వాడు.

"నాకు గూడ నిన్ను తీస్కపోయిన పొద్దే ఎరుక," అంది లింగవ్వ. "నేను శోకం వెడ్తాంటె గొంగడి కదిలింది. పీనుగు నవ్వంగ నా డెబ్బయి ఏండ్లల్ల జూడలే. పొగాకు కాడ ఇచ్చినవులే బావా. నువ్వు మాట్లాడుతవో లేదోనని అన్న."

"మరి ఏడిస్తివి గదనే? ఎరుకుండి గూడ?"

"ఒకసారి మొదలైతె ఏడుపుకు ఏం ఎరుక, నిజమా అబద్ధమా అని," అంది.

రాజలింగు నా కాగితాన్ని మడిచి, ఇంకో కాగితం తీశాడు. ఖాళీది. చావు కాగితమే.

"అవ్వకు చెయ్యి వణుకుతది. నా రాత కమిటీల అందరికి ఎరుకే. అవ్వ పేరు మీద నువ్వు రాయాలె పెద్దబాపు."

"నీ నౌకరి?"

"నలభై రెండు గీతలు గొట్టిన. నలభై మూడోది నాదైతె నాదైతది." తల ఎత్తి, మొదటిసారి సరోజన వైపు చూశాడు. "నలుగురు పిల్లలు. నాలుగు ఎండలు. ఎల్లిని గూడ పంపు చెల్లె."

నేను లింగవ్వను పక్కకు పిలిచాను. రేషన్ పోతుందని, గడపలో కూర్చునే భాగ్యం పోతుందని, గొంతు పోతుందని చెప్పాను. చివరగా అసలుది చెప్పాను. నిజంగా పోయిన రోజు ఎండ ఉండదు, చేతులు చల్లగా ఉంటాయి.

"నీకు భయం లేదా బావా?" అంది.

"ఉన్నది."

"నాకు గూడ ఉన్నది. రాయి."

రాశాను. పేరు లింగవ్వ. లెవల్ ఇరవై ఒకటి. వయసు ఎంత వేయమంటావంటే అరవై వేయమంది. కారణం గడప జ్వరం. దస్కతు దగ్గర ఆగి కలం ఎత్తేశాను. నేను రాస్తుంటే పక్కన కూర్చుని అక్షరాలు కూడబలుక్కుంటున్న ఎల్లి కాగితం మీదికి వంగింది.

"తాతా, ఆఖరు మాట మర్చిపోయినవ్."

"గది లింగవ్వకు ఒద్దు బిడ్డా."

"ఎందుకు?"

"ఆమె సచ్చిపోయింది గద."

"పిల్ల ముందట మంచి మాటలు మాట్లాడు బావా," అంది లింగవ్వ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చెప్పలేను.

రేపు ఆమె మొదటి రోజు. టబ్బులో ఆమెతోపాటు నలుగురు పిల్లలు పట్టాలి. ఒక్క గొంగడి చాలదు, మాది కూడా ఇస్తాం. నేను గడప దాటలేను కాబట్టి, తోసేది సరోజనే. ఆమె చదవలేకపోయినా ఎల్లి చదివి చెప్తుంది కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎనిమిదో దిమ్మె దగ్గర పట్టాల అతుకు ఎత్తుగా ఉంది. నా నడుముకు ఇంకా యాది ఉంది. అక్కడ మెల్లగా తోయాలి. పిల్లలు దగ్గకుండా అందరికీ ముందే ఒక గుక్క నీళ్లు పట్టాలి. గేటు మూసిన చప్పుడు అయ్యేదాకా గొంగడి ఎత్తరాదు. ఎత్తాక మాత్రం, ముందు పిల్లల చేతులు ఎండలో పెట్టాలి.

జాగ్రత్త.